పతకం రాలేదా, రికార్డుకెక్కలేదా?

ఒడిశాలోని పర్లాకిమిడిలోనో గుణుపురంలోనో ఒక తెలుగు మాజీ హవల్దారు డిశ్చార్జ్ బుక్కు తెరిస్తే, పతకాల గడిలో రెండు మూడు పొడి అక్షరాలుంటాయి, లేదంటే ఒక అడ్డగీత ఉంటుంది. ఆ గీత చూసి ఇంట్లోవాళ్లు "మనకు రావాల్సింది ఇవ్వలేదు" అంటారు. ఉత్తరం రాస్తే రికార్డ్ ఆఫీసు "మా కాగితాల్లో అలాంటిదేమీ లేదు" అని జవాబిస్తుంది. చాలాసార్లు ఈ రెండు మాటలూ నిజమే. అర్హత ఉండటం ఒకటి, ఆ అర్హత రికార్డుకెక్కడం ఇంకొకటి. ఈ తేడా పట్టుకోకుండా రాసిన అర్జీలే ఏళ్ల తరబడి తిరుగుతుంటాయి.

సైన్యంలో జవానుకు సంబంధించి ఏది జరిగినా, పెళ్లి, బిడ్డ పుట్టడం, ప్రమోషన్, పతకం ఏదైనా సరే, అది పార్ట్ టూ ఆర్డర్ అనే లిఖిత ఉత్తర్వుగా వెలువడాలి. ఆ ఆర్డర్ చూసి రికార్డ్ ఆఫీసు అతని షీట్ రోల్‌లో, అంటే సర్వీసు వివరాలన్నీ ఉండే పత్రంలో ఎక్కిస్తుంది. ఆర్డర్ నంబరూ తేదీ లేకపోతే, నిజంగా జరిగిన సంగతి కూడా ఆఫీసు లెక్కలో జరగనట్టే. డిశ్చార్జ్ బుక్కు ఈ షీట్ రోల్ ఆధారంగా, మనిషి ఇంటికి బయల్దేరే ముందు నింపి ఇచ్చే పుస్తకం మాత్రమే. కాబట్టి బుక్కు దిద్దమని అడిగితే పని కాదు, దాని వెనకున్న రికార్డు దిద్దించాలి. సాయం చేద్దామని తెలిసినవాళ్లెవరో పెన్నుతో స్పెల్లింగ్ మార్చేసిన బుక్కులూ ఉంటాయి. అది మరీ ముప్పు. దిద్దిన చోట అధికారి సంతకం, ముద్ర లేకపోతే మిగతా పుస్తకం మీద కూడా అనుమానం మొదలవుతుంది.

పతకం రికార్డుకెక్కకుండా ఎలా జారిపోతుంది? ఆపరేషన్ పతకాలకు సాధారణంగా నిర్ణీత ప్రాంతంలో, నిర్ణీత కాలం పనిచేసి ఉండాలన్నది షరతు. అలా పనిచేసినవాళ్ల పేర్లతో యూనిట్ నామినల్ రోల్ పంపుతుంది. ఆ జాబితా రాసే వేళకు మనిషి యూనిట్లో లేకపోతే చిక్కు మొదలవుతుంది. ఆస్పత్రిలో ఉండొచ్చు, కోర్సుకు వెళ్లి ఉండొచ్చు, వేరే చోటికి పోస్టింగ్ వచ్చి ఉండొచ్చు. కొత్త యూనిట్ పంపుతుందిలే అని పాత యూనిట్, అప్పుడతను మా దగ్గర లేడుగా అని కొత్త యూనిట్ ఊరుకుంటాయి. డ్రైవర్లు, సిగ్నల్స్‌వాళ్లు, వర్క్‌షాప్ మెకానిక్‌లు, వంటవాళ్లు, ఇలా మరో యూనిట్‌తో అటాచ్‌మెంట్‌లో తిరిగేవాళ్లకు ఈ తిప్పలు ఎక్కువ. ఇందులో కుట్రేమీ ఉండదు. క్లర్కు చూసిన కాగితంలో ఆ పేరు లేదు, అంతే.

అర్జీ రాసే ముందు తేల్చుకోవాల్సింది ఏ పతకానికి అర్హత ఉందన్నది. 1965 యుద్ధానికి సమర సేవా స్టార్, రక్షా మెడల్ ఉన్నాయి. 1971లో తూర్పు రంగంలో పోరాడినవాళ్లకు పూర్వీ స్టార్, పడమటి రంగంలో పోరాడినవాళ్లకు పశ్చిమీ స్టార్ ఇచ్చారు. అంత ముందుకు వెళ్లకపోయినా ప్రకటించిన ప్రాంతాల్లో డ్యూటీలో ఉన్నవాళ్లకు సంగ్రామ్ మెడల్ వచ్చింది. శ్రీలంకలో 1987 నుంచి 1990 దాకా సాగిన ఆపరేషన్ పవన్‌కు స్పెషల్ సర్వీస్ మెడల్ మీద శ్రీలంక క్లాస్ప్ (రిబ్బన్ మీద పేరున్న పట్టీ) ఉంటుంది. కార్గిల్‌కు ఆపరేషన్ విజయ్ స్టార్, ఆపరేషన్ విజయ్ మెడల్, 2001–02లో సరిహద్దుకు సైన్యాన్ని తరలించినందుకు ఆపరేషన్ పరాక్రమ్ మెడల్. ఒక మెలిక చూడండి: 1961లో గోవా విముక్తికి జరిపిన చర్యకూ ఆపరేషన్ విజయ్ అనే పేరే. దానికిచ్చింది మాత్రం 1947 నాటి జనరల్ సర్వీస్ మెడల్, గోవా క్లాస్ప్‌తో. గోవాలో పనిచేసిన పెద్దాయన పేరు మీద ఆయన మనవడు "ఆపరేషన్ విజయ్ మెడల్ ఇప్పించండి" అని రాస్తే, అర్హత లేదని జవాబు వస్తుంది. ఆ జవాబులో తప్పేమీ లేదు. అడగాల్సిన పతకం అది కాదు.

తేదీని బట్టి వచ్చే పతకాలు ఇంకో రకం. స్వాతంత్ర్య రజతోత్సవ, స్వర్ణోత్సవ, 75వ వార్షికోత్సవ పతకాలకు యుద్ధంతో పని లేదు. 1972, 1997, 2022 ఆగస్టు 15 నాటికి సర్వీసులో ఉండటమే ముఖ్యం. 1997 ఆగస్టు 31న డిశ్చార్జ్ అయిన వ్యక్తి అర్హుడు, జులై 31న ఇంటికొచ్చిన వ్యక్తి కాడు. ఆ ఆగస్టులో, సెప్టెంబరులో పెట్టె సర్దుకున్నవాళ్ల బుక్కుల్లో ఈ పతకం ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది. బుక్కు నింపేనాటికి ఆ ఎంట్రీ ఇంకా పడి ఉండకపోవచ్చు. 9, 20, 30 ఏళ్ల దీర్ఘకాల సేవా పతకాలు కూడా సర్వీసు లెక్కతో తేలిపోయేవే. ఇవి అడగడం సులువు, తిరస్కరించడం కష్టం. తేదీలు రికార్డులోనే ఉంటాయి కదా.

శౌర్య పతకాల సంగతి పూర్తిగా వేరు, ఆశపడి దెబ్బతినేది కూడా ఇక్కడే. వీరచక్రం, శౌర్యచక్రం, శౌర్యానికిచ్చే సేనా మెడల్ ఎవరికీ హక్కుగా రావు. కమాండర్ సిఫార్సు చేయాలి, అది పై అంచెలన్నీ దాటి ఆమోదం పొందాలి. "మా నాన్న ప్రాణాలకు తెగించి పోరాడారు, సాక్షులున్నారు" అని నలభై ఏళ్ల తర్వాత అర్జీ పెడితే, ఆ ధైర్యం ఎంత నిజమైనా దాన్ని కొలిచే దారి ఆఫీసుకు లేదు. సిఫార్సు ఆమోదం పొంది, గెజిట్‌లో వచ్చి, షీట్ రోల్‌కు మాత్రం ఎక్కకపోతే అప్పుడది దిద్దదగిన తప్పు. దాని వెనక డబ్బు కూడా ఉంది. 2017 ఆగస్టు నుంచి అమలైన లెక్క ప్రకారం శౌర్యానికిచ్చే సేనా మెడల్‌కు నెలకు 2,000, శౌర్యచక్రానికి 6,000, వీరచక్రానికి 7,000, పరమవీరచక్రానికి 20,000 రూపాయల భత్యం. విశిష్ట సేవకు ఇచ్చే సేనా మెడల్‌కు ఈ భత్యం లేదు. అందుకని ఎంట్రీలో ఉత్త సేనా మెడల్ అని ఉంటే సరిపోదు, అది దేనికిచ్చారో కూడా కనిపించాలి.

ఆపరేషన్ పతకాలకు భత్యమేమీ రాదు. మరి వాటి కోసం ఇంత తాపత్రయం దేనికి? పరువు ఒక కారణం, దాన్ని చిన్నచూపు చూడక్కర్లేదు. ఆ ఎంట్రీ మనిషి ఫలానా కాలంలో ఫలానా చోట ఉన్నాడనడానికి సర్కారీ సాక్ష్యం కూడా. తర్వాతెప్పుడో గాయం గురించో జబ్బు గురించో డిసేబిలిటీ పెన్షన్ వాదన వస్తే, ఆ సాక్ష్యం పనికొస్తుంది.

తెలుగు రాష్ట్రాలకు ఆనుకుని ఒడిశా, మహారాష్ట్రల్లో ఉన్న సరిహద్దు జిల్లాల్లో పతకాల కన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేవి పేర్లు. తెలుగు ఇంట్లో ఇంటిపేరు ముందుంటుంది, అదీ పొడి అక్షరాల్లో. బరంపురంలో ఒడియా బడి సర్టిఫికెట్ ఆ పేరును ఒకలా రాస్తుంది. సిరోంచలో, కిన్వట్‌లో మరాఠీ పద్ధతి తండ్రి పేరును మధ్యలో పెట్టి ఇంటిపేరును చివరికి తోస్తుంది. భర్తీ రోజున క్లర్కు తనకు వినబడినట్టు ఇంగ్లీషులో రాసుకుంటాడు. అప్పారావులోని రావు విడిపోయి ఇంటిపేరై కూర్చుంటుంది. భార్యల పేర్లది ఇంకో అవస్థ. పెళ్లయినప్పుడు పార్ట్ టూ ఆర్డర్‌లో ఇంట్లో పిలిచే పేరు పడుతుంది, ఆధార్‌లో బడిలో రాయించిన పేరుంటుంది, మహారాష్ట్రలో తీసుకున్న కార్డయితే నడుమ భర్త పేరు కూడా చేరుతుంది. మూడు కాగితాల్లో ముగ్గురు మనుషులన్నమాట. జవాను బతికున్నన్నాళ్లూ ఇది ఎవరి కంటా పడదు. ఫ్యామిలీ పెన్షన్‌కు దరఖాస్తు పెట్టిన రోజున ఆ తల్లి "పీపీఓలో (పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులో) ఉన్నది నేనే" అని రుజువు చేసుకోవాల్సి వస్తుంది.

ఇలాంటప్పుడు అలవాటుగా అందరూ సైన్యం రికార్డే తప్పని అనుకుంటారు. అన్ని కాగితాలూ పక్కపక్కన పెట్టుకుంటే చాలాసార్లు తేలేది, సర్వీసు రికార్డు సరిగ్గానే ఉంది, తర్వాత వచ్చిన ఆధారో పాన్ కార్డో తేడాగా ఉందని. అలాంటప్పుడు మార్చాల్సింది ఆధార్‌నే. ఆ పని దగ్గర్లో ఉన్న సెంటర్లో అయిపోతుంది, రికార్డ్ ఆఫీసుతో నెలల తరబడి ఉత్తరాలు నడపక్కర్లేదు. నిజంగా సర్వీసు రికార్డులోనే భార్య పేరు తప్పుంటే, మేజిస్ట్రేటు ముందు చేసిన అఫిడవిట్, పేపర్ ప్రకటన వంటి కాగితాలతో రికార్డ్ ఆఫీసును అడగాలి. అక్కడ ఆర్డర్ పడి, పెన్షన్లు మంజూరు చేసే ప్రయాగ్‌రాజ్‌లోని ప్రిన్సిపల్ కంట్రోలర్ ఆఫీసు నుంచి సవరణ పీపీఓ వస్తేనే పని పూర్తయినట్టు. ఒడియాలోనో మరాఠీలోనో ఉన్న కాగితానికి ఇంగ్లీషు అనువాదం జోడించకపోతే, నాసిక్‌లోనో జబల్పూర్‌లోనో కూర్చున్న క్లర్కు దాన్ని పక్కన పెట్టేస్తాడు. అతన్ని తప్పు పట్టలేం.

ఊరు మారకుండానే జిల్లా మారిపోవడం ఇక్కడి ప్రత్యేకత. 1992 అక్టోబరు 2న గంజాం నుంచి గజపతి విడిపోయింది. అదే రోజున పాత కొరాపుట్‌లోంచి రాయగడ, మల్కనగిరి, నబరంగ్‌పూర్ జిల్లాలు పుట్టాయి. చాందా జిల్లా చంద్రపూర్ అయింది, 1982లో దాన్నుంచి గడ్చిరోలి వచ్చింది. రాజురా, కిన్వట్ ప్రాంతాలు 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో, అంటే హైదరాబాద్ రాష్ట్రంలో ఉండేవి. 1980లలో గుణుపురం నుంచి భర్తీ అయిన జవాను షీట్ రోల్‌లో సొంత జిల్లా కొరాపుట్ అనే ఉంటుంది, ఆధార్‌లో రాయగడ ఉంటుంది. ఇది తప్పు కాదు, దిద్దించాల్సిన పనీ లేదు. తహసీల్దారు దగ్గర పాత జిల్లా పేరూ కొత్త జిల్లా పేరూ రెండూ కనిపించేలా ఒక ధ్రువపత్రం రాయించుకుంటే చాలు. కుటుంబం మొత్తం విశాఖపట్నమో వరంగల్లో వెళ్లి స్థిరపడితే మాత్రం మాజీ సైనికుల బాగోగులు చూసే జిల్లా సైనిక బోర్డులో నమోదును అక్కడికి మార్పించుకోవాలి.

పుట్టినతేదీ విషయంలో మొండిగా వెళ్లడం వృథా. భర్తీ నాడు రాసిన తేదీని సర్వీసు చివర్లోనో ఆ తర్వాతో మార్చమంటే కోర్టులు ఒప్పుకోవు. 1993లో హర్నామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ అదే, ఏళ్ల తరబడి ఊరుకుని రిటైరయ్యే వేళకు తేదీ మార్చమంటే కుదరదని. పైగా ఆధార్‌లో ఎంతోమంది పెద్దవాళ్లకు జనవరి 1 అనే అందాజు తేదీ పడి ఉంది. కాబట్టి సైన్యం తేదీ ప్రకారం ఆధార్‌ను మార్చుకోవడమే దారి. భార్య పుట్టినతేదీ మాత్రం అశ్రద్ధ చేయకూడనిది. ఎనభై ఏళ్లు నిండితే ఫ్యామిలీ పెన్షన్ మీద 20 శాతం అదనం వస్తుంది, 85కు 30, 90కి 40, 95కు 50, నూరేళ్లకు నూటికి నూరు శాతం. పాత పీపీఓల్లో భార్య పుట్టినతేదీ గడి ఖాళీగా ఉండటం మామూలే. ఆ గడి ఖాళీగా ఉంటే ఆమెకు ఎనభై ఎప్పుడు నిండాయో కంప్యూటర్‌కు తెలియదు. అదనపు పెన్షన్ దానంతటది మొదలవదు.

ఈమధ్య ఈ తప్పులన్నీ ఒక్కసారిగా బయటపడటానికి కారణం స్పర్శ్, అంటే రక్షణ శాఖ పెన్షన్లను నడిపే ఆన్‌లైన్ వ్యవస్థ. బ్యాంకుల దగ్గరున్న పాత పెన్షనర్ల వివరాలను ఈ వ్యవస్థలోకి తెచ్చినప్పుడు, బ్యాంకులో ఏ తప్పుంటే ఆ తప్పే అందులోకి వచ్చి చేరింది. ర్యాంకు, గ్రూపు, లెక్కకొచ్చే సర్వీసు, ఈ మూడింట్లో ఏది తప్పుపడ్డా, ఎప్పుడు రిటైరైనా ఒకే ర్యాంకుకు, ఒకే సర్వీసుకు ఒకే పెన్షన్ ఇచ్చే వన్ ర్యాంక్ వన్ పెన్షన్ లెక్క మారిపోతుంది. 2014 జులై 1 నుంచి అమలైన ఆ పథకాన్ని 2019 జులై నుంచి, మళ్లీ 2024 జులై నుంచి వర్తించేలా సవరించారు. అంటే ఒకే తప్పు ప్రతి సవరణలోనూ నష్టం తెస్తుంది. నెలనెలా డబ్బు పడుతోంది కదా అని ఊరుకోకుండా, స్పర్శ్‌లో కనిపించే వివరాలను డిశ్చార్జ్ బుక్కుతో, పీపీఓతో పోల్చి చూడటం గంట పని. కాలేజీ చదివే మనవడు పక్కన కూర్చుంటే అరగంట.

ఉత్తరం ఎక్కడికి రాయాలన్నది సొంతూరును బట్టి ఉండదు, పనిచేసిన విభాగాన్ని బట్టి ఉంటుంది. ఆర్టిలరీ రికార్డులు నాసిక్ రోడ్‌లో, సిగ్నల్స్‌వి జబల్పూర్‌లో, ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజనీర్లు), ఆర్డ్‌నెన్స్ కోర్‌లవి సికింద్రాబాద్‌లో, మద్రాస్ రెజిమెంట్‌వి నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో, మద్రాస్ ఇంజనీర్ గ్రూప్‌వి బెంగళూరులో, మహార్ రెజిమెంట్‌వి సాగర్‌లో ఉంటాయి. నేవీ వాళ్లకు ముంబయి మాన్‌ఖుర్ద్, ఎయిర్‌ఫోర్స్ వాళ్లకు ఢిల్లీ సుబ్రతో పార్క్. డిశ్చార్జ్ తర్వాత డిఫెన్స్ సెక్యూరిటీ కోర్‌లో చేరినవాళ్లకు కన్నూర్‌లో ఇంకో రికార్డు, ఇంకో నంబరు ఉంటాయి. మొదటి సర్వీసులో సంపాదించిన పతకం కోసం కన్నూర్‌కు రాస్తే ఉత్తరం వెనక్కే వస్తుంది. ఇంకో చిక్కుంది: హవల్దారు నాయబ్ సుబేదార్ అయినప్పుడు పాత నంబరు పోయి, జేసీతో మొదలయ్యే కొత్త నంబరు వస్తుంది. జవానుగా ఉన్నప్పటి ఆర్డర్లు పాత నంబరు మీదే ఉంటాయి కాబట్టి అర్జీలో రెండు నంబర్లూ, చివరి ఇంగ్లీషు అక్షరంతో సహా రాయాలి.

అర్జీ ఎలా ఉండాలంటే చిన్నగా, ఒకే విషయం మీద. నంబరు, ర్యాంకు, అప్పటి యూనిట్, అటాచ్‌మెంట్ ఉంటే ఏ యూనిట్‌తో, ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఏ చోట, ఏ పతకం, ఇవి చాలు. దేశభక్తి గురించి రెండు పేజీలు రాస్తే అసలు సంగతి మూడో పేజీలోకి పోతుంది. యూనిట్ పేర్లు, ఊళ్లు, కంపెనీ కమాండర్ పేరు ఆ మనిషికి తప్ప ఇంట్లో ఇంకెవరికీ తెలియవు. ఆయన చెబుతుండగా ఎవరైనా రాసిపెట్టుకోవాలి. పోయాక పెట్టె వెతికి ప్రయోజనం ఉండదు.

జిల్లా సైనిక బోర్డు అర్జీని పరిశీలించి, తన కవరింగ్ లెటర్‌తో పంపిస్తుంది. ఉచితంగా దొరికే ఆ సాయాన్ని చాలామంది వాడుకోరు. కారణం దూరం. సిరోంచ నుంచి గడ్చిరోలి సుమారు 200 కిలోమీటర్లు. గోదావరి దాటితే కాళేశ్వరం పక్కనే ఉంటుంది గానీ అది వేరే రాష్ట్రం, అక్కడి బోర్డుకు వీళ్ల ఫైలుతో సంబంధం లేదు. ఆ దూరమే దళారులకు బేరం. పతకం ఇప్పిస్తామని, ఎరియర్స్ తెప్పిస్తామని వేలు అడిగేవాళ్ల చేతికి ఒరిజినల్ డిశ్చార్జ్ బుక్కు ఇవ్వడం కన్నా పెద్ద పొరపాటు ఉండదు.

రికార్డ్ ఆఫీసు జవాబివ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో షీట్ రోల్ నకలు, ఫలానా కాలపు పార్ట్ టూ ఆర్డర్ల నకళ్లు అడగొచ్చు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. అయితే ఆ చట్టం ఉన్న కాగితాన్ని చూపిస్తుందే తప్ప లేని ఎంట్రీని పుట్టించదు. దాన్ని ఫిర్యాదుగా వాడితే ఫలితం ఉండదు, ఆధారం సంపాదించడానికి వాడాలి. నకలు చేతికొస్తే చిక్కు ఎక్కడుందో తెలుస్తుంది. ఆర్డర్ ఉండి షీట్ రోల్‌కు ఎక్కకపోతే అది గుమాస్తా పొరపాటు, తొందరగా తేలుతుంది. ఆర్డరే లేకపోతే యూనిట్ పాత కాగితాల దాకా వెళ్లాలి.

పెన్షన్ లేకుండా ముందే బయటికొచ్చినవాళ్లకు ఇది మరీ కష్టం. ఆర్మీ నిబంధనల ప్రకారం వాళ్ల సర్వీసు పత్రాలను 25 ఏళ్ల తర్వాత నాశనం చేయొచ్చు. ఆ తర్వాత మిగిలేది లాంగ్ రోల్ అనే పేర్ల రిజిస్టరులో ఒక్క వరస. అప్పుడు ఇంట్లో ఉన్న పాత పతకాన్ని వెలుతురులో తిప్పి అంచు చూడాలి. మన సైనిక పతకాల అంచున గ్రహీత నంబరు, పేరు చెక్కి ఉంటాయి. కాగితాలన్నీ పోయినా ఆ అంచు సాక్ష్యం చెబుతుంది. తుప్పు వదిలిద్దామని చింతపండుతో గట్టిగా తోమకపోతే మంచిది.

జవాబును జాగ్రత్తగా చదవాలి. "అర్హత లేదు" అన్నా, "పత్రాలు అందుబాటులో లేవు" అన్నా వచ్చింది తిరస్కరణే అనిపిస్తుంది గానీ, రెండూ వేరు. మొదటిదానికి నియమం చూపించి వాదించాలి, రెండోదానికి మన దగ్గరున్న కాగితాలు పంపాలి. అప్పటికీ తేలకపోతే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్ ఉంది. 2007 చట్టంతో ఏర్పడి 2009లో పని మొదలుపెట్టిన ఈ ట్రిబ్యునల్‌కు కోల్‌కతా, ముంబయి, చెన్నైలతో సహా పలుచోట్ల బెంచ్‌లున్నాయి. రిటైరైన వ్యక్తి తాను మామూలుగా నివసించే చోటు ఏ బెంచ్ పరిధిలోకి వస్తే అక్కడ వేసుకోవచ్చు. చివరి జవాబు వచ్చిన ఆరు నెలల్లోపు వెళ్లాలన్నది నియమం. అర్జీ పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే, ఆ తర్వాత మరో ఆరు నెలల గడువుంటుంది. పెన్షన్ తక్కువ రావడం నెలనెలా కొనసాగే నష్టం కాబట్టి ఆలస్యమైనా కేసు వింటారు. కానీ 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, బకాయి సాధారణంగా కేసు వేసిన నాటికి ముందు మూడేళ్లకే దక్కుతుంది. ఇరవై ఏళ్లుగా తక్కువ పెన్షన్ తీసుకున్న మనిషికి గెలిచినా పదిహేడేళ్ల సొమ్ము పోయినట్టే.

పతకం విషయంలో ఆర్డర్ పడి, రికార్డుకెక్కాక కూడా అసలు బిళ్ల చేతికి రావడానికి సమయం పట్టొచ్చు. ఒరిజినల్స్ రాక సర్వీసులో ఉన్న జవాన్లే బజారులో నకళ్లు కొని యూనిఫాం మీద పెట్టుకోవడం కొత్తేమీ కాదు. కాబట్టి ముందు అడగాల్సింది పార్ట్ టూ ఆర్డర్ నకలు, ఆ తర్వాతే పతకం. ఆ నకలును డిశ్చార్జ్ బుక్కుకు జత చేసి, స్కాన్ తీసి పిల్లల ఫోన్లలో కూడా ఉంచుకుంటే, బిళ్ల ఎప్పుడొచ్చినా ఫర్వాలేదు.